మేడమ్ నన్నే ఎంచమన్న ప్రొపెల్లర్

మా పై అంతస్తు మేడమ్ పోయిన వార్త నాకు తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల మీద తెలిసింది. ముషీరాబాద్‌లో ఒకరింట్లో ప్రవచనం చెప్పి వస్తున్నాను. భుజాన సంచీలో గ్రంథం, చేతిలో వాళ్ళిచ్చిన అరటిపండ్లు. ఫోన్ మోగింది. మేడమ్ చెల్లెలుగారు.

"అక్క పోయిందండీ. ఇందాకే. నిద్రలోనే," అన్నారు.

నేను అరటిపండ్లు పక్కన పెట్టి మెట్టు మీదే కూర్చున్నాను. జనం నన్ను తప్పుకుని దిగిపోతున్నారు. అటుపక్క ఆమె ముక్కు చీదుకుని, "ఇంకో మాటండీ. మీకు గుర్తు చెయ్యమని మొన్న రెండుసార్లు చెప్పింది. ప్రొపెల్లర్ మీరే ఎంచాలట. ఎవర్నీ అడగొద్దట. ఏమిటండీ ఆ ప్రొపెల్లర్?" అన్నారు.

"పడవదమ్మా."

"అక్కకి పడవెక్కడిది?"

"అక్కది కాదమ్మా, మాది."

"మరి మీ పడవకీ మా అక్కకీ ఏమిటి సంబంధం?"

చదివే పెద్దలారా, చావు గురించి నేను మాట్లాడినన్ని గంటలు తార్నాకలో ఇంకెవరూ మాట్లాడి ఉండరు. ఆత్మకు అంతం లేదని బల్లలు గుద్ది చెప్పినవాణ్ణి. గుద్దిన గుద్దుకు మైకు స్టాండ్లు కింద పడ్డాయి. ఆ రోజు ఆ మెట్ల మీద నా నోట వచ్చిన మాటలు పడవ గురించే. చెల్లెలుగారు అడిగినదానికి ఇప్పటికీ సరైన జవాబు నా దగ్గర లేదు. తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. క్యాంపస్ గేటు దగ్గర నాది పుస్తకాలు బైండింగ్ చేసే షాపు. బడి మధ్యలోనే వదిలినవాణ్ణి. కుట్టడానికి వచ్చిన పాత గ్రంథాలను కుట్టే ముందు చదవడం అలవాటైంది. చదివింది కడుపులో దాచుకోలేక అరవడం మొదలుపెట్టాను. ప్రతి శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, స్కూటర్లు పక్కకు జరిపి, చాపలు పరిచి ప్రవచనం. సరిగ్గా ఆ చాపల పైనే మేడమ్ వంటింటి కిటికీ. నేను గొంతు సవరించుకోగానే ఆ కిటికీ మూసుకునేది. టప్ అని.

మేడమ్ క్యాంపస్‌లోని ఇంజనీరింగ్ కాలేజీలో నీళ్ళ ప్రవాహాల పాఠం చెప్పి రిటైరయ్యారు. గోదావరి వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో దేవుడి పటం కనిపించలేదు నాకు. సన్నగా, ఎండిన కొమ్మలా ఉండేవారు. నన్ను "పంతులుగారూ" అని పిలిచేవారు. నేను పంతుల్ని కాను, మా నాయిన నాగలి దున్నినోడు. అది ఆమెకూ తెలుసు. అందులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో నాకు తెలిసేది కాదు.

ఇక పడవ సంగతి. మా బావమరిది ఫైబర్ ట్యాంకులు అచ్చుపోసే పని చేస్తాడు. వాళ్ళ ఊరు జలాశయం ఒడ్డున. అక్కడ మూతపడ్డ రిసార్టు వాళ్ళు ఒక ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే మోటారు అమ్ముతుంటే మా భజన బృందమంతా కలిసి కొన్నాం. పర్మిషన్ కాగితం ఉంది, లైఫ్ జాకెట్లు ఉన్నాయి. నెలకో ఆదివారం పోవడం, నీళ్ళ మీద తిరగడం, ఒడ్డుకొచ్చి వండుకు తినడం. అంతకుమించి దానిలో పరమార్థం ఏమీ లేదు, సరదా.

పడవతో వచ్చిన ప్రొపెల్లర్‌కు ఒక రెక్క విరిగి ఉంది. ఇంకోటి కావాలని ముషీరాబాద్‌లో పాత మోటారు సామాన్ల షాపుకు పోయాను. షాపాయన నాలుగైదు ముందు పెట్టి, "ఏ నంబరు స్వామీ?" అన్నాడు. "ఏది గొప్పది?" అన్నాను. "పెద్ద నంబరు తీస్కపో, స్పీడొస్తది." పెద్ద నంబరే తెచ్చాను. దేవుడి దగ్గరా అంతే కదా మనం, పెద్ద దీపం, పెద్ద దండ, పెద్ద లడ్డూ.

నీళ్ళలో దింపితే ఏముంది! ఆరుగురం ఎక్కాం. ముక్కు ఆకాశానికి లేచింది, తోక నీళ్ళలో కూరుకుపోయింది. మోటారు మూలుగుతుంది గానీ పడవ నీళ్ళ మీదికి లేవదు. మా బావమరిది చెమట తుడుచుకుంటూ, "బావ, గీ మోటరుకు దమ్ము లేదు. కొత్త మోటరు కొనాలె," అన్నాడు. మా భజనలో డోలక్ వాయించే పెద్దక్క మాత్రం, "మోటరు కాదుర, దిష్టి," అన్నది. నాకు పెద్దక్క మాటే నచ్చింది. ప్రొపెల్లర్ ఊడదీసి ఇంటికి తెచ్చి, ఆయుధపూజ ముందురోజు సెల్లార్లో పీట మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాను.

అప్పుడు వచ్చారు మేడమ్, కూరగాయల సంచీతో. ఆగారు.

"ఎవరండీ, కొత్త దేవుడా?"

"పడవ ప్రొపెల్లర్ మేడమ్. రేపు ఆయుధపూజ గదా."

సంచీ కింద పెట్టి, మోకాలు పట్టుకుని వంగి, ప్రొపెల్లర్ చేతిలోకి తీసుకున్నారు. మధ్య గుండు మీది కుంకుమను బొటనవేలితో తుడిచి కళ్ళజోడు దగ్గరికి పెట్టుకున్నారు. "పదిహేను," అన్నారు. తర్వాత నా వైపు చూసి, "ఎంతమంది ఎక్కుతారు?" అన్నారు.

"ఎందుల?"

"పడవలోనండీ. ఇంకెందులో?"

"ఆరుగురం."

"ఆరుగురూ నాలా ఉంటారా, మీ పెద్దక్కలా ఉంటారా?"

వెనక నుంచి పెద్దక్క, "ఏం మేడమ్, మీకు నేనే దొరికిన్నా!" అన్నది.

"తప్పదమ్మా, బరువు లెక్క. తిట్టుకోకు." మళ్ళీ నాతో, "ఈ పదిహేనంటే ఏమిటనుకున్నారు?"

"శక్తి."

"కాదు. ఒక్క చుట్టు తిరిగితే పదిహేను అంగుళాలు ముందుకు పోవాలని దీని ఆశ. మర మేకు చెక్కలోకి దిగినట్టు. నీళ్ళు చెక్క కాదు గనక కొంత జారుతుంది. మీ ఆరుగుర్నీ మోస్తూ అంతంత అంగలు వెయ్యడం ఆ మోటారు వల్ల కావట్లేదు. స్కూటర్ మీద మీ ఆవిణ్ణీ గ్యాస్ బండనీ ఎక్కించుకుని టాప్ గేర్లో ఫ్లైఓవర్ ఎక్కుతారా?"

"అయితే మంచి ప్రొపెల్లర్ ఏదో చెప్పుండ్రి మేడమ్, గదే తెస్త."

"మంచిదని ఏదీ లేదండీ. ఏ బరువుకి అని అడగండి."

నాకు ఒళ్ళు మండింది. మంచిదని ఏదీ లేదట! సత్యం ఒక్కటే అని ఆ సెల్లార్లో ఎన్నేళ్ళుగా అరుస్తున్నాను! "గట్లెట్ల మేడమ్? ఏదో ఒకటి ఒప్పు, మిగిలినై తప్పు కావాలె గదా!" అన్నాను. ఆమె దండ తీసి పీట మీద పెట్టి, ప్రొపెల్లర్ నా చేతికిచ్చి, "ముందు నిమిషానికి ఎన్ని చుట్లో చూపించే మీటరొకటి బిగించండి. నిండుగా పెట్రోలు, ఆరుగురు మనుషులు, మోటారు పూర్తి వేగానికి తెరవండి. సూది ఎక్కడ ఆగుతుందో నాకు చెప్పండి," అని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

అట్లా మొదలైంది. పొద్దున్నే మేడమ్ క్యాంపస్ రోడ్డు మీద నడిచేవారు. నేను షాపు తీయడానికి పోతూ కల్వర్టు దగ్గర కలిసేవాణ్ణి. ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుని, నా మాట వింటూ వేళ్ళతో గాల్లో ఏదో తిప్పేవారు. పరుగు తీసే కుర్రవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవారు. ఒకడు నామాల పంతులు, ఒకరు తెల్లచీర మేడమ్, ఇద్దరి మధ్య గోడ మీద ఒక ప్రొపెల్లర్.

"సూది నాలుగు వేల నాలుగు వందల కాడ ఆగింది మేడమ్."

"మోటారు పుస్తకంలో ఏముంది?"

"ఐదువేలు దాటాలె, ఆరువేలు దాటొద్దు."

"అంగుళం తగ్గిస్తే సూది ఇంచుమించు రెండొందలు లేస్తుంది. కట్టుకోండి లెక్క."

నేను వేళ్ళు మడిచాను. "నాలుగు అంగుళాలు తగ్గితే... పదకొండు?"

"ఆఁ," అన్నారు. ఆ ఆఁ తర్వాత ఆమె నోట ఇంకో మెచ్చుకోలు నేను వినలేదు.

అక్కడితో ఊరుకుంటే నేను నేను కాదు. "మరి ఇద్దరమే పోతే?" అన్నాను.

"అప్పుడు పదకొండుతో సూది ఆరువేలు దాటిపోతుంది. వేగం మీట కాస్త వెనక్కి లాగాలి. ఇద్దరే తిరిగేటట్టయితే పాత పదిహేనే నయం."

"అంటే పదకొండు తప్పా?"

"తప్పు కాదు."

"ఒప్పా?"

"పంతులుగారూ, ఇవాళ టిఫిన్ అయిందా మీకు?"

పదకొండు తెచ్చాను. బిగించాం. ఆరుగురం ఎక్కాం. ముక్కు ఒక్క క్షణం లేచి, దించుకుని, పడవ నీళ్ళ మీద పరుచుకుని పరుగెత్తింది. పెద్దక్క కేక పెట్టింది. బావమరిది, "బావ, సూది సూడు, ఐదు వేల రెండొందలు!" అని నా తొడ మీద కొట్టాడు. మోటారు గొంతే మారిపోయింది. మరుసటి శనివారం నేను ఆ పడవ మీదే గంటసేపు మాట్లాడాను, ఆశ ఎక్కువైతే అడుగు పడదని. కిటికీ మూసే ఉంది.

ఇంకో రోజు ఆమె నన్ను క్యాంపస్‌లోని పాత ప్రయోగశాలకు తీసుకుపోయారు. ఇప్పుడు దాన్ని చూసుకునే ఆయన ఆమె శిష్యుడు, తాళం తీసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడ పొడుగునా అద్దాల కాలువ. అందులో నీళ్ళు. గుప్పెడంత ప్రొపెల్లర్ తిరుగుతుంటే మేడమ్ ఊదారంగు నీళ్ళు సన్నగా వదిలారు. రంగు తాడులా మెలిపడుతూ పోయింది. నేను నోరు తెరిచి చూశాను. తర్వాత ప్రొపెల్లర్‌ను కొంచెం పైకి జరిపారు, నీటి పైభాగానికి దగ్గరగా. ఒక్కసారిగా గరగరమని చప్పుడు, తెల్లటి నురగ.

"గాలి మింగుతోంది," అన్నారు. "మోటారు మరీ ఎత్తుగా బిగిస్తే ఇదే జరుగుతుంది. చప్పుడెక్కువ, నడక తక్కువ. చెవి నమ్మకండి, సూది చూడండి."

ఆమె శిష్యుడు ముసిముసిగా నవ్వాడు. నన్నన్నారా, ప్రొపెల్లర్‌నన్నారా? బస్సులో ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. మరుసటి శనివారం గొంతు కొంచెం తగ్గించి మాట్లాడాను. ఆ రోజు కిటికీ మూసుకోలేదు, సగం తెరిచే ఉంది. దోమలు లేవేమో అనుకున్నాను. ఎందుకంటే అంతకుముందు ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "మేడమ్, నేను మొదలుపెట్టంగనే కిటికీ ఎందుకు మూస్తరు?" అని. "దోమలండీ," అన్నారు. సరే అనుకున్నాను. కానీ ఆ వారంలోనే కల్వర్టు దగ్గర, "నిన్న పాల సముద్రం చిలికేటప్పుడు పాము తల దేవతల చేతికిచ్చేశారు మీరు. తల పట్టింది రాక్షసులు కదండీ?" అన్నారు. నాకు దిమ్మ తిరిగింది. మూసిన కిటికీలోంచి పాము తల ఎట్లా వినపడింది? విన్నవారు ఎందుకు మూసినట్టు?

"ఆ కథలో నాకు నచ్చింది తాబేలండీ," అని కూడా అన్నారు. "కింద ఆధారం లేకుండా కొండని నీళ్ళలో తిప్పితే మునగదూ మరి!"

"మేడమ్, మీరు నమ్ముతరా గవన్నీ?"

"తాబేలుని నమ్ముతాను," అన్నారు, లేచి నడిచి పోయారు.

ఒక్కసారి మాత్రం ఆమెకు నిజంగా కోపమొచ్చింది. మరుసటి ఏడు దసరాకు మేమంతా జలాశయం దగ్గరే పూజ చేశాం. పోయినసారి పూజ ఫలించిందని పెద్దక్క వాదన, ఎందుకంటే ఆ పూజ వల్లే మేడమ్ సెల్లార్లో ఆగింది, మేడమ్ ఆగడం వల్లే పదకొండొచ్చింది. కాదనడానికి నాకూ నోరు రాలేదు. పసుపు తోరం ఒకటి మంత్రించి, ప్రొపెల్లర్ వెనక ఇరుసుకు మూడు చుట్లు గట్టిగా కట్టాం. రెండు నెలలు తిరగకముందే మోటారు కిందిభాగం నుంచి నూనె కారి నీళ్ళ మీద రంగులు తేలాయి. ఫోటో తీసి మేడమ్‌కు చూపించాను.

"ఇరుసుకి ఏమైనా చుట్టుకుందా? చేపల గాలం తీగ లాంటిది?"

"తీగ కాదు మేడమ్. తోరం. మేమే కట్టినం."

ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసి, తెరిచారు. "తోరమా! తిరిగే ఇరుసుకా! అది లోపలికి చుట్టుకుని నూనె ఆపే రబ్బరుని కోసేసిందండీ! చేతికి కట్టుకుంటారో, చుక్కానికి కట్టుకుంటారో, పెద్దక్క జడకి కడతారో మీ ఇష్టం. తిరిగేదానికి దారం కట్టకండి. పూలదండలో దారం కూడా దారమే. నీళ్ళలో పూలు వేస్తే అవి దూరంగా పోయేదాకా ఇంజన్ ముట్టుకోకండి." శ్వాస తీసుకుని, కొంచెం మెత్తగా, "పూజ మానమనట్లేదు," అన్నారు.

అన్నీ చెప్పిన మనిషి ఒక్కసారీ పడవ ఎక్కలేదు. నెలనెలా పిలిచేవాణ్ణి. "ఇంకా బరువు తేలలేదు కదండీ," అనేవారు. ఒక నెల, "మీ పెద్దక్క స్టీలు ప్రొపెల్లర్ కొందామంటోందట, ఆ గొడవ తేలనీయండి," అన్నారు. నిజమే, పెద్దక్కకు స్టీలు మీద మనసుంది, తళతళా మెరుస్తుందని. మేడమ్ ఒప్పుకోలేదు. మా నీళ్ళలో రాళ్ళున్నాయి, అల్యూమినియం రెక్క రాయికి తగిలి తాను వంగి మోటారును కాపాడుతుంది, స్టీలు వంగదు, దెబ్బంతా లోపలి పళ్ళచక్రాల మీదికి తోస్తుంది అని చెప్పారు. ముప్పయ్యేళ్ళకు పైగా నీళ్ళ గురించి చెప్పిన మనిషి పడవంటే ఎందుకు తప్పించుకునేవారో నాకు అంతుపట్టలేదు. భయమా? ఈత రాదా? మా డోలక్ పడదా? అడిగితే టిఫిన్ అయిందా అంటారని అడగలేదు.

చివరి నెలల్లో మంచం పట్టారు. చెల్లెలుగారు వచ్చి ఉన్నారు. నేను శనివారం ప్రవచనం ముగించి పైకి పోయి కూర్చునేవాణ్ణి. ఒకనాడు కళ్ళు మూసుకునే అన్నారు:

"పంతులుగారూ, నన్ను మీ పడవలో తీసుకెళ్ళాలి. తర్వాత. తెలిసిందిగా."

"మేడమ్, గసుంటి మాటలు మాట్లాడకుండ్రి."

"ఆ రోజు ప్రొపెల్లర్ మీరే ఎంచండి. మీ బావమరిదిని అడగొద్దు, నా శిష్యుల్ని అడగొద్దు. పండగ రోజుని చూసి ఎంచకండి, మామూలు ఆదివారాన్ని చూసి ఎంచండి. ఎంతమంది ఎక్కుతారో లెక్కేసుకోండి." మళ్ళీ, "నన్ను లెక్కలో వెయ్యకండి," అన్నారు.

పెదవుల మీద నవ్వుందా? వంగి చూశాను. తెలియలేదు.

పెద్దలారా, ఆమె పోయాక అస్థికలు కలిపేదాకా ఆ పది రోజులూ నేను పడిన అవస్థ ఏం చెప్పను! చిన్న కుండలో ఇంత బూడిద, దాన్ని లెక్కలో వేసినా వేయకపోయినా సూది కదలదు. అది నాకూ తెలుసు. కానీ ఒక గట్టి మనిషి తన ఆఖరి పని నా చేతిలో పెట్టి పోయింది. తప్పు ప్రొపెల్లర్ వేసి, నడినీళ్ళలో పడవ మూలుగుతూ ఉండిపోతే, ఆమెను నేను ఏం మోసినట్టు? ఏం నేర్చుకున్నట్టు? గ్రంథం తెరిచాను. అందులో అన్నిటికీ దారి ఉంది, ప్రొపెల్లర్ నంబరుకు లేదు. చెల్లెలుగారు తనొక్కతే ఎక్కుతానన్నారు, మేడమ్ శిష్యులిద్దరూ ఒడ్డునే ఉంటారట. అంటే బావమరిదితో కలిపి ముగ్గురం, తేలిక పడవ, పదిహేను. అదే బిగిద్దామని, ఎందుకైనా మంచిదని పదకొండూ సంచీలో వేసుకుని పోయాను.

ఒడ్డుకు పోతే మా భజన బృందమంతా వ్యాన్లో ముందే దిగి ఉంది, డోలక్‌తో సహా. చెప్పకుండానే వచ్చారు. పెద్దక్క ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉంది. "నన్ను ఎక్కించుకోకపోతే ఈత కొట్టుకుంట వస్త," అన్నది. శిష్యులిద్దరిలో ఒకాయన ఫోన్ తీసి ఒక్కొక్కరి బరువూ అడగడం మొదలుపెట్టాడు. రెండో ఆయన, "సగటున వేసుకుందామండీ," అన్నాడు. పెద్దక్క, "నా బరువు మీకెందుకయ్య, మేడమ్‌కు చెప్పిన, చాలు," అన్నది. బావమరిది ఆకాశం చూస్తూ, "బావ, జల్ది చెప్పు. పొద్దెక్కితే గాలి లేస్తది. ఏ ఫ్యాను బిగియ్యాలె?"

నేను రెండు ప్రొపెల్లర్లూ రెండు చేతుల్లో పట్టుకుని నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డాను. జీవితంలో ఏ సభలోనూ అంత మంది నా నోటి మాట కోసం చూడలేదు. మామూలు ఆదివారం. మామూలు ఆదివారం మేం ఎట్లా పోతాం? ఆరుగురం పోతాం. డోలక్ పోతుంది. ఎక్కువ చప్పుడు చేస్తాం. ఇవాళ మేడమ్ వస్తున్నారని తేలిక చేసుకోవాలా?

"పదకొండు," అన్నాను.

"పక్కానా?"

"బిగియ్యి!" అని అరిచాను. సభల్లో అరిచే గొంతే. ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

ఇరుసుకు ఎక్కించి, పిన్ను పెట్టి, బిగించాడు. చెల్లెలుగారు, శిష్యులిద్దరూ, పెద్దక్క, బావమరిది, నేను. ఆరుగురం. కుండ చెల్లెలుగారి ఒడిలో, ఎర్రగుడ్డ కట్టి. తక్కినవాళ్ళు ఒడ్డున. తోరం చుక్కానికి కట్టాను. పడవ ముక్కెత్తి, దించి, పరిగెత్తింది. బావమరిది వేలితో మీటరు చూపించాడు. ఐదు వేల రెండొందలు. ఆఁ అని ఎవరైనా అంటారేమో అని నేను తిరిగి చూశాను. చెల్లెలుగారి కొంగు ఎగురుతోంది, అంతే.

ఆమెను నేను లెక్కలో వేసినట్టా, వెయ్యనట్టా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

నడుమ ఇంజన్ ఆపించాను. ఏం చదవాలో ముందే అనుకోలేదు. చదవొచ్చో లేదో కూడా తెలియదు. గ్రంథం తెరిస్తే నేను గుర్తు పెట్టుకున్న చోటే తెరుచుకుంది, పాల సముద్రం దగ్గర. చదివాను. పాము తల రాక్షసుల చేతికే ఇచ్చాను. తాబేలు వచ్చేసరికి చెల్లెలుగారు నవ్వుతూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు.

"ఈ కథ నాకు తెలుసండీ. ప్రతి శనివారం రాత్రి ఫోన్ చేసి మీరు చెప్పిందంతా నాకు చెప్పేది. మీలాగే అరుస్తూ. ఇక్కడ తప్పు, ఇక్కడ బాగుంది అని."

"మరి కిటికీ ఎందుకు మూసేవారమ్మా?"

"కిటికీయా? ఏ కిటికీ?"

నేను ఇంకొకటి కూడా అడిగాను. "నమ్మేవారా?"

ఆమె కుండకు కట్టిన ఎర్రగుడ్డ ముడి విప్పారు. "నాకూ చెప్పలేదండీ," అన్నారు.

కుండ వంచారు. బూడిద నీళ్ళ మీద కాసేపు తెల్లగా పరుచుకుని దిగిపోయింది. పెద్దక్క ఇంటి నుంచి తెచ్చిన బంతిపూల దండ వేసింది, నేను వద్దనేలోపే. నిలువెత్తు దండ. అది పడవ పక్కన తేలింది.

"పోదమా బావ?" తాళం మీద చెయ్యి పెట్టాడు బావమరిది.

"ఆగు. దండ దూరం పోనీ."

ఆగాం. గాలి లేస్తుందన్న బావమరిది మాట ఆ రోజు తప్పింది. ఆకు కదలలేదు. దండ దూరం పోలేదు. మెల్లగా పడవ చుట్టూ జరిగి, వెనక్కి వచ్చి, సరిగ్గా ప్రొపెల్లర్ ఉన్న చోట ఆగింది. బావమరిది తెడ్డుతో నెట్టాడు. పోయి, తిరిగి వచ్చింది. శిష్యుడొకాయన వంగి అందుకోబోతే దారం పుటుక్కున తెగి పూలన్నీ చెల్లాచెదురై మోటారు చుట్టూ గుమిగూడాయి, మధ్యలో దారం మెలికలు తిరుగుతూ. నేను చెల్లెలుగారిని చూశాను, ఆమె నన్ను చూశారు. ఇది మేడమ్ పనేనా? మేడమ్ అలాంటివి ఒప్పుకునే మనిషేనా?

"మోటరెత్తు," అన్నాను.

"ఎత్తి?"

"తెడ్లేస్కుంట పోదం."

అన్ని రోజులు తలపట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఎంచిన ప్రొపెల్లర్. బావమరిది మీట నొక్కితే మోటారు మూలుగుతూ వెనక్కి లేచి, నీళ్ళలోంచి బయటికి వచ్చింది. మేం తెడ్లు అందుకున్నాం. పెద్దక్క ఒకటి, నేనొకటి. ఒడ్డున ఉన్నవాళ్ళు మోటారు చెడిపోయిందనుకుని ఏదో అరుస్తున్నారు, వినపడలేదు. మా ఆరుగురి వెనక, ఎండలో, ఏమీ తొయ్యకుండా ప్రొపెల్లర్ ఊరికే ఉంది, మూడు రెక్కల నుంచీ నీళ్ళు కారుతూ. ఒక రెక్కకు ఒక బంతిరేకు అంటుకుని ఉంది. ఒడ్డు చేరేదాకా అది ఊడిపడలేదు.